విరగకముందే చదవాలి!

వంతెన కూలినా, విమానం పైకప్పు ఎగిరిపోయినా ఆ ప్రమాదం ఆ రోజు పుట్టింది కాదు. ఎన్నో ఏళ్ల ముందే లోహంలో ఓ సన్నటి గీతగా మొదలై ఉంటుంది. ఆ గీతను కనిపెట్టి, అది ఎప్పుడు ప్రాణాంతకం అవుతుందో లెక్కకట్టే చదువు సాలిడ్ మెకానిక్స్. ఆ గీతను తట్టుకునే లోహాన్ని తయారుచేసే చదువు మెటీరియల్స్ ఇంజినీరింగ్. ఈ పరిశోధనలకు దేశంలోని పెద్ద కేంద్రాల్లో ఒకటి మన హైదరాబాద్. తలుపులు తెరిచే ఉన్నాయి. కావలసింది మన పిల్లలే!

1988 ఏప్రిల్ 28. హవాయి దీవుల్లోని హీలో నుంచి హొనొలులుకు అలోహా ఎయిర్‌లైన్స్ విమానం బయల్దేరింది. గంట కూడా పట్టని ప్రయాణం. 24 వేల అడుగుల ఎత్తుకు చేరిందో లేదో, చెవులు చిల్లులు పడే చప్పుడు. విమానం ముందుభాగంలో సుమారు 18 అడుగుల మేర పైకప్పు ఊడి ఎగిరిపోయింది. సీటు బెల్టులు పెట్టుకుని ఉన్న ప్రయాణికులు తల పైకెత్తితే ఆకాశం! ఆ స్థితిలోనే పైలట్లు విమానాన్ని మావీ దీవిలో సురక్షితంగా దించారు. లోపల ఉన్న 95 మందిలో ఒక్కరే చనిపోయారు. ఆమె విమాన సిబ్బందిలో ఒకరు, ఆ క్షణంలో నడవాలో నిలబడి పనిచేస్తున్నారు.

దర్యాప్తులో ఓ విషయం బయటపడింది. విమానం ఎక్కేటప్పుడు తలుపు పక్కన రేకులో పగులు ఉండటం ఓ ప్రయాణికురాలు చూసింది. ఎవరికీ చెప్పలేదు. చూసుకునేవాళ్లు చూసుకుంటారులే అనుకుని ఉండొచ్చు. అది 1969లో తయారైన బోయింగ్ 737. అప్పటికి 89,680 సార్లు ఎగిరింది. దీవి నుంచి దీవికి చిన్న చిన్న ప్రయాణాలు. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి పీడనానికి దాని ఒళ్లు ఉబ్బేది, దిగిన ప్రతిసారీ సడలేది. సముద్రపు ఉప్పుగాలికి రేకుల మధ్య అతుకు పట్టు వదిలింది. బరువంతా రివెట్ల మీద పడింది. చాలా రివెట్ రంధ్రాల దగ్గర కంటికి ఆనని పగుళ్లు పుట్టాయి. ఒక్కోటి విడిగా చూస్తే చిన్నదే. అన్నీ వరసగా కలిసిన రోజున పైకప్పు లేచిపోయింది.

ఈ సంఘటన తర్వాత పాతబడిన విమానాల సంగతి ప్రపంచమంతా పట్టించుకోవడం మొదలైంది. పగుళ్లు ఎలా పెరుగుతాయో, ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో కంప్యూటర్ మీద లెక్కకట్టే పద్ధతులను అభివృద్ధి చేసిన శాస్త్రవేత్తల్లో ముందువరసలో ఓ తెలుగువాడున్నారు. ఆయన గుడివాడలో పుట్టి, కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన సత్య అట్లూరి. ఆయన గురించి మళ్లీ చెప్పుకుందాం. ముందు ఆ పగులు సంగతి చూద్దాం.

పగులుకూ ఓ లెక్కుంది

షాంపూ సాచెట్ అంచున చిన్న గాటు ఉంటుంది. గాటు ఉన్నచోట పట్టుకుని లాగితే సులువుగా చిరుగుతుంది. గాటు లేనిచోట ఎంత లాగినా సాగుతుందే తప్ప చిరగదు. ప్లాస్టిక్ రెండుచోట్లా ఒకటే, లాగే వేళ్లూ అవే. మరి తేడా ఎక్కడ? గాటు చివర. మనం పెట్టిన బలమంతా ఆ సన్నటి కొసన పోగుపడుతుంది. దాన్నే ఇంజినీర్లు స్ట్రెస్ కాన్సంట్రేషన్, అంటే ఒత్తిడి ఒకచోట పోగవడం అంటారు.

దీనికి 1913లో ఇంగ్లిస్ అనే బ్రిటిష్ ఇంజినీరు లెక్క చూపించారు. వెడల్పాటి రేకును లాగుతున్నప్పుడు అందులో గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచున స్ట్రెస్ మూడింతలవుతుంది. అదే రంధ్రం కోలగా, కొసలు సన్నగా ఉంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే అనుభవమున్న మెకానిక్ పగిలిన రేకు చూడగానే ముందు పగులు కొస ఎక్కడుందో వెతికి, అక్కడ డ్రిల్లుతో గుండ్రంగా రంధ్రం వేస్తాడు. ఉన్న లోహాన్ని ఇంకాస్త తీసేసి మరీ పగుల్ని ఆపుతాడు. వింటే వింతగా ఉంటుంది కానీ లెక్క మాత్రం పక్కా.

ఇంగ్లిస్ లెక్కలో ఓ చిక్కు మిగిలింది. కొస ఎంత సన్నమైతే స్ట్రెస్ అంత పెరుగుతుందంటే, గీత పడ్డ ప్రతి వస్తువూ ముట్టుకోగానే విరిగిపోవాలి. అలా జరగదు. ఎందుకని? జవాబు గ్రిఫిత్ అనే మరో ఇంజినీరు ఇచ్చారు. గాజు మీద ప్రయోగాలు చేసి 1921లో అచ్చువేసిన వ్యాసంలో ఆయన చెప్పింది ఇదీ: పగులు ముందుకు పాకాలంటే రెండు కొత్త ఉపరితలాలు పుట్టాలి. వాటికి శక్తి కావాలి. వస్తువులో దాగిన శక్తి ఆ ఖర్చుకు సరిపడా విడుదలయ్యే దాకా పగులు కదలదు. సరిపోయిన క్షణాన ఇక ఆగదు. ప్రతి పదార్థానికీ, ప్రతి బరువుకీ పగులు దాటకూడని పొడవు ఒకటుందన్నమాట. 1950ల్లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో జార్జ్ ఇర్విన్ ఈ ఆలోచనను ఉక్కు, అల్యూమినియం వంటి లోహాలకూ పనికొచ్చేలా మలిచారు. ఫ్రాక్చర్ మెకానిక్స్ అనే శాఖ అలా నిలదొక్కుకుంది.

పుస్తకాల్లో ఉన్న ఈ లెక్కకు ప్రాణాల విలువ ఎంతో లోకానికి తెలిసింది 1954లో. ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల విమానమైన కామెట్ ఆ ఏడాది జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో మరొకటి గాల్లోనే ముక్కలై మధ్యధరా సముద్రంలో పడ్డాయి. బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో శాస్త్రవేత్తలు ఓ కామెట్ విమానం ఒంటిని పెద్ద నీళ్ల తొట్టిలో ఉంచి, లోపల నీళ్ల పీడనం పెంచుతూ తగ్గిస్తూ పదేపదే పరీక్షించారు. చివరికి కిటికీ మూల దగ్గర మొదలైన పగులు దాన్ని చీల్చేసింది. ఇప్పుడు మనం ఎక్కే ఏ విమానంలోనైనా కిటికీ మూలలు గుండ్రంగానే ఉంటాయి.

ఇవన్నీ ఎక్కడో పరాయి దేశాల ముచ్చట్లనుకోవద్దు. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో తీగల వంతెన తెగి 135 మంది చనిపోయారు. వంతెనను మోసే ఒక ప్రధాన కేబుల్‌లో మొత్తం 49 తీగలుంటే, అందులో 22 అప్పటికే తుప్పుపట్టి ఉన్నాయని ప్రత్యేక దర్యాప్తు బృందం తేల్చింది. ఆ తీగలు ముందే హెచ్చరించాయి. చదివినవాళ్లు లేరు.

లోహం కడుపులో ఏముంది?

పగుల్ని లెక్కకట్టేవాడికి లోహం లోపలి సంగతి కూడా తెలియాలి. సాలిడ్ మెకానిక్స్, మెటీరియల్స్ ఇంజినీరింగ్ ఒకదాన్ని విడిచి ఒకటి ఉండలేకపోవడానికి కారణం అదే.

ఇనుపకడ్డీ పైకి ఒకే ముద్దలా కనిపిస్తుంది. నున్నగా పాలిష్ చేసి, పలచటి ఆమ్లంతో కాసేపు తడిపి, సూక్ష్మదర్శిని కింద పెడితే తెలుస్తుంది... అదంతా చిన్న చిన్న స్ఫటికాల కూర్పని. వీటిని గ్రెయిన్స్ అంటారు. ఒక్కో గ్రెయిన్‌లో పరమాణువులు వరసలు తీరి ఉంటాయి. అయితే ఆ వరసల్లో లోపాలుంటాయి. లోహం వంగడానికీ సాగడానికీ ఆ లోపాలే కారణమని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ ఎవరికివారే తేల్చారు. పెద్ద జంపఖానాను మొత్తంగా లాగాలంటే నలుగురు కావాలి. అదే ఒక చివర మడత లేపి, ఆ మడతను తోసుకుంటూ పోతే ఒక్కరే జరపొచ్చు. లోహంలో పరమాణువుల పొర కూడా అలాగే మడత మడతగా జరుగుతుంది. ఆ మడత పేరు డిస్‌లొకేషన్. దాని దారికి అడ్డం పెడితే లోహం గట్టిపడుతుంది. గ్రెయిన్స్‌ను చిన్నవి చేసినా, కార్బన్ కలిపినా, వేడిచేసి నీళ్లలో ముంచినా జరిగేది ఈ అడ్డం పెట్టడమే. మన కమ్మరి కొలిమి దగ్గర తరతరాలుగా చేస్తున్నదీ ఇదే.

గ్రెయిన్స్ చిన్నవైతే బలం పెరుగుతుంది సరే, అసలు వాటి సరిహద్దులే ఉండకూడని చోటు ఒకటుంది. అది జెట్ ఇంజిన్ టర్బైన్ బ్లేడు. యుద్ధవిమానం ఇంజిన్‌లో బ్లేడును తాకే వాయువుల వేడి 1,500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. బ్లేడు తయారయ్యే నికెల్ మిశ్రమలోహం సుమారు 1,350 డిగ్రీల దగ్గరే కరగడం మొదలెడుతుంది. లోపల సన్నటి గొట్టాల్లోంచి గాలి పంపి చల్లబరుస్తూ, పైన పింగాణీ పూత వేసి నెట్టుకొస్తారు. అంత వేడిలో ముందుగా బలహీనపడేవి గ్రెయిన్ సరిహద్దులే. కాబట్టి బ్లేడు మొత్తాన్నీ ఒకే స్ఫటికంగా పోతపోస్తారు. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, కొలిమిలోంచి అచ్చును చాలా నెమ్మదిగా కిందికి దించుతారు. అడుగున పుట్టిన ఎన్నో స్ఫటికాలు మెలికలు తిరిగిన సన్నటి దారిలో పైకి పెరుగుతూ పోటీపడతాయి. ఆ మెలిక దాటి బయటపడేది ఒక్కటే. అదే పైకి పెరిగి బ్లేడు అవుతుంది.

ఈ విద్య తెలిసిన దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హెలికాప్టర్ ఇంజిన్ కోసం ఇలాంటి 60 ఏకస్ఫటిక బ్లేడ్లను తయారుచేసి హెచ్‌ఏఎల్‌కు అందించినట్టు 2021 ఏప్రిల్‌లో డీఆర్‌డీఓ ప్రకటించింది. వాటిని తయారుచేసింది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్!

యంత్రం ముందు ఓ పది నిమిషాలు

ఈ చదువు ఎలా ఉంటుందో తెలియాలంటే ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా ఉండే యూటీఎం ముందు నిలబడితే చాలు. ఇది కడ్డీని రెండువైపులా పట్టి లాగే యంత్రం. మధ్యలో సన్నగా, చివర్లలో లావుగా చెక్కిన మెత్తటి ఉక్కు ముక్కను దాని దవడల మధ్య బిగిస్తారు. మీట తిప్పగానే బరువు పెరుగుతుంది. తెర మీద గీత నిటారుగా పైకి పోతుంది. ఇప్పుడు బరువు తీసేస్తే కడ్డీ మళ్లీ మొదటి పొడవుకే వస్తుంది. ఇంకాస్త లాగితే గీత ఒక్కసారి తడబడి కిందికి దిగుతుంది. లోపల డిస్‌లొకేషన్లు కట్టుతెంచుకుని కదిలాయని అర్థం. ఇక ఈ కడ్డీ పాత పొడవుకు రాదు. ఆ తర్వాత అది సాగుతూనే గట్టిపడుతుంది. చివర్లో ఒకచోట నడుము సన్నబడుతుంది. చూస్తుండగానే ‘ఠాప్’మంటూ రెండు ముక్కలవుతుంది. అప్పుడే ముట్టుకుంటే తెగినచోట వెచ్చగా ఉంటుంది.

చాలామంది విద్యార్థులు రికార్డులో అంకెలు రాసుకుని వెళ్లిపోతారు. అసలు కథ తెగిన ముక్కల్లో ఉంది. ఒక ముక్క చిప్పలా లోతుగా, రెండోది మొనలా ఉంటుంది. మధ్యలో గరుకైన బూడిదరంగు. అంచున ఏటవాలుగా నున్నటి పెదవి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ గరుకుదనమంతా వేల చిన్న గుంటలు. ఒక్కో గుంట అడుగున ఒక్కోసారి ఓ రేణువు కనిపిస్తుంది. ఉక్కు తయారీలో మిగిలిపోయిన మలినం అది. తెగడం మొదలైంది అక్కడే. అదే పోత ఇనుమును లాగి చూడండి. నడుము సన్నబడదు, హెచ్చరించదు, బల్లపరుపుగా టక్కున విరుగుతుంది.

మళ్లీ మళ్లీ బరువు పడి తెగిన ముక్క అయితే దాని మీద సమాంతరంగా సన్నటి చారలు ఉంటాయి. చాలా సందర్భాల్లో ఒక్కో చార ఒక్కోసారి పడ్డ బరువుకు గుర్తు. వాటి మధ్య దూరం కొలిచి, పగులు ఎంతకాలంగా పెరుగుతోందో, ఎన్ని ప్రయాణాల ముందు మొదలైందో వెనక్కి లెక్కకట్టొచ్చు. విరిగిన ఇరుసు, తెగిన బోల్టు, పేలిన బాయిలర్ గొట్టం ఇలా తమ చరిత్రను తామే రాసిపెడతాయి. ఆ రాత చదవగలగడమే ఈ చదువు.

కోనసముద్రం నుంచి కంచన్‌బాగ్ దాకా

లోహవిద్య తెలుగునేలకు కొత్తేమీ కాదు. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రం ఒకప్పుడు ఉక్కుకు పేరుమోసిన ఊరు. ఇక్కడి కమ్మరులు మట్టి మూసల్లో ఇనుము, కార్బన్ ఇచ్చే పదార్థాలు పెట్టి, మూత అంటించి, కొలిమిలో గంటల తరబడి కాచి ఉక్కు ముద్దలు తీసేవారు. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండేది. పర్షియా వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఈ పనిని కళ్లారా చూసిన హెన్రీ వాయిసే రాసిన వివరణ 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇక్కడి ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీది అలల చారల రహస్యం కోసం యూరప్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తలలు పట్టుకున్నారు. ఆధునిక లోహశాస్త్రం ఎదగడానికి ఆ వెతుకులాట కూడా ఓ కారణమే.

ఆ కొలుములు ఆరిపోయాయి. చాలాకాలం గడిచాక అదే నేల మీద కొత్త కొలుములు వెలిగాయి. 1963లో రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ హైదరాబాద్‌లో మొదలైంది. 1971లో అణు ఇంధన సముదాయం ఎన్‌ఎఫ్‌సీ వచ్చింది. 1973లో మిశ్రధాతు నిగం, అంటే మిధాని ఏర్పడింది. బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీ, కొత్త పదార్థాల మీద పనిచేసే ఏఆర్‌సీఐ ఉంది. కంచన్‌బాగ్‌లోనే నాన్‌ఫెర్రస్ లోహాల కోసం ఎన్‌ఎఫ్‌టీడీసీ ఉంది. ఒకే నగరంలో ఇన్ని లోహ పరిశోధన సంస్థలు కొలువుదీరడం దేశంలో అరుదు.

వీటి పని మన కంటికి కనిపించదు గానీ దేశం దాని మీదే నిలబడి ఉంది. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశ మోటారు కవచానికి వాడే మారేజింగ్ స్టీల్ మిధానిలో తయారైనదే. అర్జున్ ట్యాంకుకు రక్షణగా ఉండే కవచం పేరు ‘కంచన్’. అది పుట్టిన కంచన్‌బాగ్ పేరే దానికి పెట్టారు. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ విక్రాంత్ మొత్తం దేశీయ ఉక్కుతో కట్టిన విమానవాహక నౌక. ఆ ఉక్కును రూపొందించింది డీఎంఆర్‌ఎల్, నౌకాదళంతో కలిసి తయారుచేసింది సెయిల్. మన అణు విద్యుత్తు కేంద్రాల్లో ఇంధనాన్ని పట్టి ఉంచే జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలు ఎన్‌ఎఫ్‌సీవి. 2022 నవంబరు 18న దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్‌ను ఎగరేసిన స్కైరూట్ కూడా హైదరాబాద్ సంస్థే. ఆ రాకెట్ ఒళ్లు కార్బన్ కాంపోజిట్.

లోకం గుర్తించిన మనవాళ్లు

గుడివాడ అట్లూరి కాకినాడలో డిగ్రీ పూర్తిచేసి, బెంగళూరు ఐఐఎస్‌సీ మీదుగా అమెరికాలోని ఎంఐటీకి చేరి 1969లో డాక్టరేట్ అందుకున్నారు. పగుళ్ల గణితంలో, మెష్ (వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టే వల) అవసరం లేని కంప్యూటర్ పద్ధతుల్లో ఆయన కృషి ప్రపంచ ప్రసిద్ధం. 2013లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది.

వరంగల్ ప్రాంతంలో పుట్టి, ఉస్మానియాలో మెకానికల్ చదివిన జె.ఎన్.రెడ్డి అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ ఆచార్యులు. కాంపోజిట్ పలకలు ఎలా వంగుతాయో చెప్పే ఆయన సిద్ధాంతం ‘రెడ్డి ప్లేట్ థియరీ’గా పాఠ్యపుస్తకాలకెక్కింది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి మీద ఆయన రాసిన పుస్తకం ప్రపంచమంతా చదువుతోంది. 2019లో ఆయనకు టిమొషెంకో పతకం వచ్చింది. మెకానిక్స్ రంగంలో అంతకు మించిన గౌరవం లేదంటారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెటలర్జీ చదివిన ఉపద్రష్ట రామమూర్తి లోహ గాజుల బలం మీద పరిశోధనలకు పేరుపొందారు. 2011లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. ఐఐటీ హైదరాబాద్ డైరెక్టర్‌గా పనిచేసిన బి.ఎస్.మూర్తి కూడా లోహశాస్త్రవేత్తే. అయిదారు లోహాలను దాదాపు సమానంగా కలిపి చేసే హై ఎంట్రొపీ మిశ్రమలోహాల మీద తొలి పుస్తకం రాసినవారిలో ఆయనొకరు. డీఎంఆర్‌ఎల్‌ను నడిపించి, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన పల్లె రామారావుకు 2011లో పద్మవిభూషణ్ దక్కింది. వీళ్లలో చాలామంది మన కాలేజీల బల్లల మీద కూర్చుని చదువుకున్నవాళ్లే.

కొత్త ప్రశ్నలు బోలెడు

అన్నీ కనిపెట్టేశారు, ఇక మిగిలిందేముంది అనుకుంటే పొరపాటే. 3డీ ప్రింటింగ్‌తో లోహ భాగాలను పొరలు పొరలుగా ముద్రిస్తున్నారు. 2024 మే 30న చెన్నైకి చెందిన అగ్నికుల్ సంస్థ ఇలా ఒకే ముక్కగా ముద్రించిన ఇంజిన్‌తో రాకెట్‌ను ఎగరేసింది. కానీ ముద్రించిన లోహంలో దాగిన సూక్ష్మ రంధ్రాలు ఎన్నాళ్లకు పగుళ్లవుతాయన్న దానికి పూర్తి జవాబు లేదు.

రేపటి ఇంధనం హైడ్రోజన్ అంటున్నారు. హైడ్రోజన్ పరమాణువు చాలా చిన్నది. ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మార్చేస్తుంది. గొట్టాలు, ట్యాంకులు దేనితో చేయాలి? ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీలో ఛార్జింగ్ చేసిన ప్రతిసారీ ఎలక్ట్రోడు ఉబ్బి, మళ్లీ తగ్గి, లోపల చిట్లుతుంది. బ్యాటరీ ఆయువు తగ్గడానికి అదీ ఒక కారణం. తుంటి మార్పిడికి వాడే టైటానియం కీలు ఎముక కంటే ఎంతో బిరుసుగా ఉంటుంది. బరువంతా తనే మోస్తే పక్కనున్న ఎముక పనిలేక క్షీణిస్తుంది. ఎముకలాగే మెత్తగా ఉండి, లోహమంత మన్నే పదార్థం కావాలి. ఇవన్నీ సాలిడ్ మెకానిక్స్, మెటీరియల్స్ కలిసి తేల్చాల్సిన ప్రశ్నలే.

‘మా అబ్బాయికి కోడింగ్ ఇష్టం’ అనే తల్లిదండ్రులకు ఓ మాట. ఇక్కడ కోడింగ్‌కు కొదవే లేదు. వంతెననైనా బ్లేడునైనా వేల ముక్కలుగా విడగొట్టి లెక్కచేసే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంతా ప్రోగ్రామింగే. అణువుల కదలికను లెక్కించే ల్యామ్స్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం. వేల పదార్థాల సమాచారం ఉన్న మెటీరియల్స్ ప్రాజెక్ట్ అందరికీ అందుబాటులో ఉంది. దానితో మెషీన్ లెర్నింగ్ నమూనాలకు శిక్షణ ఇచ్చి కొత్త మిశ్రమలోహాలు వెతుకుతున్నారు. లోహం సంగతి తెలిసి కోడ్ రాయగలిగినవాళ్లు ఎక్కడైనా తక్కువే. వాళ్ల విలువ తగ్గేది కాదు.

ఏ చదువుకు ఏ దారి?

పదో తరగతి తర్వాత: బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లోని ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతో ఆరేళ్ల కోర్సులో చేరొచ్చు. మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజినీరింగ్ అందులో ఉన్న బ్రాంచే. పల్లెటూరి పిల్లలకు ఇది పెద్ద వరం.

ఇంటర్ తర్వాత: వరంగల్, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలు, ఐఐటీ హైదరాబాద్, ఆంధ్ర విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ హైదరాబాద్‌లలో మెటలర్జీ, మెటీరియల్స్ బీటెక్ ఉంది. మెకానికల్, సివిల్, ఏరోస్పేస్‌లో చేరినవాళ్లు కూడా తర్వాత సాలిడ్ మెకానిక్స్‌లోకి రావచ్చు. అసలు ఎక్కువమంది వచ్చేది ఆ దారినే.

బీటెక్ తర్వాత: గేట్ ముఖ్యమైన మజిలీ. మూడో ఏడాది నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. మెటలర్జీవాళ్లకు ఎంటీ పేపరుంది. చాలామందికి తెలియనిది ఎక్స్‌ఈ పేపరు. ఇందులో గణితం తప్పనిసరి. మిగతా విభాగాల్లో రెండు ఎంచుకోవాలి. వాటిలో సాలిడ్ మెకానిక్స్, మెటీరియల్స్ సైన్స్ రెండూ ఉన్నాయి. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు రూ.12,400 స్టైపెండ్ వస్తుంది.

పీహెచ్‌డీ: ఐఐటీల్లో, ఐఐఎస్‌సీలో అర్హతను బట్టి బీటెక్‌తో నేరుగా చేరే వీలుంది. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, ఆ తర్వాత రూ.42 వేలు. ఇది 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన మొత్తం. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ మొదలైనప్పుడు నెలకు రూ.70 వేలతో ప్రారంభమై చివరి రెండేళ్లకు రూ.80 వేలకు చేరేలా నిర్ణయించారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన తప్పక చూసుకోవాలి. పీహెచ్‌డీ అంటే డబ్బు కట్టి చదివే చదువు కాదు, జీతం లాంటి భృతితో చేసే పని అని ఇళ్లలో పెద్దలకు చెప్పాలి.

బీఎస్సీవాళ్లకు: ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లు ఎమ్మెస్సీ చేసి గేట్ లేదా నెట్‌తో మెటీరియల్స్ పరిశోధనలోకి వెళ్లొచ్చు. సూక్ష్మదర్శిని, ఎక్స్‌రే పరీక్షల పనిలో వాళ్ల పునాది బాగా అక్కరకొస్తుంది.

ఉద్యోగంతో కూడిన శిక్షణ: అణుశక్తి విభాగం ఏటా బార్క్ శిక్షణ పాఠశాలలకు ఇంజినీర్లను తీసుకుంటుంది. మెటలర్జీ అందులో ఒక విభాగం. డీఆర్‌డీఓ, ఇస్రో నియామకాల మీదా కన్నేయాలి.

డిప్లొమా, ఐటీఐవాళ్లకు: వస్తువును పగలగొట్టకుండా లోపలి పగులు పట్టే ఎన్‌డీటీ పరీక్షల్లో లెవెల్ వన్, లెవెల్ టూ సర్టిఫికెట్లు ఉన్నాయి. తిరుచిరాపల్లిలో బీహెచ్‌ఈఎల్ వెల్డింగ్ పరిశోధన సంస్థ శిక్షణ ఇస్తుంది. రిఫైనరీలు, విద్యుత్కేంద్రాలు, ఓడరేవులు ఉన్నంతకాలం ఈ పనికి ఢోకా లేదు.

విదేశాలకు: అప్పుచేసి ఎంఎస్‌కు వెళ్లే ముందు పీహెచ్‌డీ దారి ఒకసారి ఆలోచించాలి. అమెరికాలో ఇంజినీరింగ్ పీహెచ్‌డీకి చేర్చుకుంటే మామూలుగా ఫీజు మాఫీతో పాటు అసిస్టెంట్‌షిప్ ఇస్తారు. జర్మనీలో చాలాచోట్ల పీహెచ్‌డీ అంటే కాంట్రాక్టు ఉద్యోగమే. డ్యుసెల్‌డార్ఫ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ, జపాన్‌లో సుకుబాలోని నిమ్స్ ఈ రంగంలో పేరున్నవి. దరఖాస్తు పెట్టే ముందు ఆచార్యుల ఇటీవలి పరిశోధన పత్రాలు రెండు మూడైనా చదవాలి. వాటిలో ఏం అర్థమైందో, ఏం చేయాలనుకుంటున్నారో నాలుగు వాక్యాల్లో సూటిగా రాయాలి. అందరికీ ఒకే ఉత్తరం పంపితే జవాబు రాదు.

ఇంట్లోంచే మొదలెట్టాలంటే: ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం. ఐఐటీ మద్రాస్ ఆచార్యులు కె.రమేశ్ చెప్పిన ఫ్రాక్చర్ మెకానిక్స్ కోర్సు కొత్తవాళ్లకు మంచి మొదలు. వేసవిలో జాతీయ సైన్స్ అకాడమీల ఫెలోషిప్‌లు, ఐఐటీల ఇంటర్న్‌షిప్‌లు ఉంటాయి. రెండు నెలలు ఓ మంచి ప్రయోగశాలలో గడిపితే ఇది మనకు నప్పుతుందో లేదో తేలిపోతుంది.

అమ్మానాన్నలకు ఓ మాట

కౌన్సెలింగ్ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట, సీఎస్‌ఈ. వెబ్ ఆప్షన్లలో మెటలర్జీ చిట్టచివర. సివిల్, మెకానికల్ వస్తే ఏదో పోగొట్టుకున్నట్టు ముఖాలు. కంప్యూటర్ చదువు మంచిదే, దాన్ని తక్కువ చేయాల్సిన పనిలేదు. కానీ ప్రతి పిల్లవాడి చెయ్యీ కీబోర్డు కోసమే పుట్టలేదు. బొమ్మను విప్పి చూసేవాడు, విరిగిన సైకిల్ పెడల్‌ను పారేయకుండా ఎందుకు విరిగిందని అడిగేవాడు, మీ ఇంట్లో ఉంటే వాడి చేతికి కాస్త లోహం ఇవ్వండి.

ఈ దారి సులువని చెప్పడం లేదు. గణితం గట్టిగా రావాలి. ప్రయోగశాలలో నెలల తరబడి ఓపిక పట్టాలి. బీటెక్ అవగానే పెద్ద ప్యాకేజీ రాకపోవచ్చు. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి స్నేహితులు ఇల్లు కొనుక్కుని ఉంటారు. అయినా ముప్పయ్యేళ్ల వయసులో ఈ విద్య పూర్తిగా చేతికొచ్చినవాడి కోసం పరిశోధనశాలలు, విశ్వవిద్యాలయాలు, పరిశ్రమలు ఎదురుచూస్తుంటాయి. వయసుతో పాటు విలువ పెరిగే చదువుల్లో ఇదొకటి.

దేశం కొత్త వంతెనలు కడుతోంది, రాకెట్లు ఎగరేస్తోంది, అణు విద్యుత్కేంద్రాలు పెంచుతోంది. ఇవన్నీ కట్టడం ఒక ఎత్తు, అయిదు పదుల ఏళ్లు విరగకుండా కాపాడటం మరో ఎత్తు. ఆ రెండో పనికి పగుల్ని చదవగల కళ్లు వేల సంఖ్యలో కావాలి. నేర్పే సంస్థలు మన ఊళ్లోనే ఉన్నాయి, భృతి ఇచ్చే పథకాలున్నాయి, దారి చూపిన పెద్దలున్నారు. ఇంటర్ చదివే పిల్లలున్నవాళ్లు ఈసారి వెబ్ ఆప్షన్లు పెట్టేముందు మెటలర్జీ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఇంజినీరింగ్‌లో ఉన్నవాళ్లు ఈ ఏడాది గేట్ దరఖాస్తు తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.